అంతరిక్షంలో ఆపద వస్తే ఆదుకునేదెవరు?

ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి గ్యాస్ ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వెలువడే వాయువులో ఐదోవంతుకు పైగా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. 2014 జూన్ 12న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పంపుహౌస్ దగ్గర ఈ వాయువు లీకై ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి చోట సహాయం నిమిషాలలో అందాలి. కాబట్టి రక్షక సిబ్బంది ప్రమాదం జరిగాక ఎక్కడినుంచో బయలుదేరి వస్తే లాభం లేదు. మాస్కులు, ఆక్సిజన్ సిలిండర్లతో ముందుగానే ఆవరణలో సిద్ధంగా ఉండాలి.

ఏ రక్షణ చర్య అయినా ఫలించాలంటే నాలుగు షరతులు నెరవేరాలి. రక్షించేవాడు సిద్ధంగా ఉండాలి. బాధితుణ్ణి చేరుకునే దారి ఉండాలి. చేరుకున్నాక అతని పరికరాలు బాధితుడికి సరిపోవాలి. అంతవరకూ బాధితుడికి పీల్చడానికి గాలి ఉండాలి. నేలమీద మనం పెద్దగా ఆలోచించకుండానే నెరవేర్చుకునే ఈ నాలుగు షరతులు, భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున ఒక్కొక్కటీ ఒక్కొక్క కొండలా అడ్డు నిలుస్తాయి. పైగా ఈనాడు రోదసిలోకి ప్రభుత్వ వ్యోమగాములే కాక, టిక్కెట్టు కొనుక్కున్నవారు కూడా వెళుతున్నారు. వారికి ఆపద వస్తే వెళ్ళవలసింది ఎవరు? ఆ ఖర్చు ఎవరిది?

నౌకే ప్రాణరక్షక పడవ

2021 నవంబరు 15న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న ఏడుగురిని భూమిమీది నియంత్రణ కేంద్రం హడావిడిగా నిద్రలేపింది. రష్యా తన పాత ఉపగ్రహం కాస్మాస్-1408ను క్షిపణితో పేల్చివేయడంతో, భూమినుంచి గుర్తించదగినంత పెద్ద శకలాలే పదిహేను వందలకు పైగా కక్ష్యలో చెల్లాచెదరయ్యాయి. సుమారు గంటన్నరకు ఒకసారి కేంద్రం ఆ శకలాల దారిని దాటవలసి వచ్చింది. ఏడుగురూ వెంటనే తమ తమ నౌకల్లోకి చేరారు: ముగ్గురు రష్యా సోయజ్‌లోకి, నలుగురు స్పేస్‌ఎక్స్ సంస్థవారి డ్రాగన్‌లోకి. ఆ నలుగురికి నాయకుడు రాజాచారి. ఆయన తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడినవారు. వారు కేంద్రానికి చేరి అప్పటికి నాలుగు రోజులే అయింది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. అంతరిక్ష కేంద్రంలో ఉన్నవారికి మొదటి రక్షణ భూమినుంచి రాదు. వారు వెళ్ళిన నౌక ప్రాణరక్షక పడవలా కేంద్రానికే అంటిపెట్టుకుని ఉంటుంది. ఎంతమంది ఉంటే అన్ని సీట్లు సిద్ధంగా ఉండాలన్నది నియమం. 2026 జనవరిలో ఒక వ్యోమగామికి అనారోగ్యం కలిగినప్పుడు, నలుగురు సభ్యుల బృందం మొత్తం అనుకున్న గడువుకంటే ముందే తమ డ్రాగన్‌లో దిగివచ్చింది. రోగి ఒక్కరినే పంపితే మిగిలిన ముగ్గురికీ పడవ ఉండదు కదా!

మరి ఆ పడవకే చిల్లు పడితే?

పడవ చెడిన మూడు సందర్భాలు

2022 డిసెంబరులో సోయజ్ ఎంఎస్-22 నౌకలోని శీతలీకరణ ద్రవం బయటికి చిమ్మిపోయింది. అందులో ముగ్గురిని దింపితే లోపల వేడి ప్రమాదకరంగా పెరగవచ్చని రష్యా నిపుణులు తేల్చారు. 2023 ఫిబ్రవరి 24న ఎంఎస్-23 నౌకను మనుషులు లేకుండా ఖాళీగా పంపారు. ఆ రెండు నెలల మధ్యకాలంలో అత్యవసరం వస్తే ఎలా? అందుకని అమెరికా వ్యోమగామి ఫ్రాంక్ రూబియో సీటులో అమర్చే పరుపును విప్పి తెచ్చి డ్రాగన్‌లో బిగించారు. ఆరు నెలలకని వెళ్ళిన ముగ్గురూ 371 రోజులు ఉండి 2023 సెప్టెంబరులో దిగివచ్చారు.

రెండో సందర్భం మన పాఠకులకు బాగా తెలిసినదే. 2024 జూన్ 5న సునీతా విలియమ్స్, బుచ్ విల్‌మోర్ బోయింగ్ సంస్థవారి స్టార్‌లైనర్‌లో సుమారు ఎనిమిది రోజుల యాత్రకు బయలుదేరారు. దారిలో హీలియం వాయువు లీకయింది. 28 చిన్న రాకెట్లలో ఐదు మొరాయించాయి. చివరకు సెప్టెంబరులో స్టార్‌లైనర్‌ను ఖాళీగానే దింపేశారు. ఆ నెల 28న డ్రాగన్ నౌకను నలుగురికి బదులు ఇద్దరితోనే, రెండు సీట్లు ఖాళీగా ఉంచి పంపారు. దానికి నాయకుడు నిక్ హేగ్. 2018 అక్టోబరులో సోయజ్ రాకెట్ గాలిలో విఫలమైనప్పుడు ప్రాణరక్షక వ్యవస్థ వల్ల బతికి బయటపడినవాడు ఈయనే! సునీత, విల్‌మోర్‌లు 286 రోజుల తర్వాత, 2025 మార్చి 18న ఫ్లోరిడా తీరాన సముద్రంలో దిగారు.

మూడోది చైనాది. 2025 నవంబరులో షెన్‌జౌ-20 నౌక కిటికీ అద్దంలో పగుళ్ళు కనిపించాయి. ఏదో శకలం తగిలి ఉంటుందని భావించారు. అందులోని ముగ్గురు నవంబరు 14న, తమ తర్వాత వచ్చిన బృందంవారి షెన్‌జౌ-21లో దిగారు. పైన మిగిలినవారికి పడవ లేకుండా పోయింది. చైనా ఎప్పుడూ ఒక రాకెట్టునూ నౌకనూ ప్రయోగ కేంద్రంలో సిద్ధంగా ఉంచుతుంది కాబట్టి, నవంబరు 25న షెన్‌జౌ-22ను ఖాళీగా పంపగలిగింది.

ఈ మూడు కథలూ సుఖాంతమే. కారణం ఒకటే: మూడు చోట్లా వ్యోమగాములు కేంద్రంలో ఉన్నారు. అక్కడ గాలి, నీరు, ఆహారం ఉన్నాయి కనుక నెలల తరబడి వేచి ఉండగలిగారు. కేంద్రానికి దూరంగా, తమ నౌకలో తాము తిరిగేవారి సంగతి వేరు.

పట్టాలు మారలేని రైలు

'ఆ కేంద్రానికే వెళ్ళి తలదాచుకోవచ్చు కదా' అని ఎవరికైనా అనిపిస్తుంది. భిలాయ్ నుంచి విశాఖ వెళ్ళే తెలుగువారికి రాయ్‌పూర్ బాగా తెలుసు. అక్కడ దారులు చీలుతాయి. ఒకటి బిలాస్‌పూర్ మీదుగా హౌరా వైపు, మరొకటి టిట్లాగఢ్, రాయగడ, విజయనగరం మీదుగా విశాఖకు. దారి చీలాక ఒక రైలులో ఉన్నవారు రెండో రైలులోకి దూకలేరు. కక్ష్యలు కూడా ఇలాంటివే. కాకపోతే అక్కడ జంక్షన్లు లేవు.

భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణాన్ని వాలు అంటారు. అంతర్జాతీయ కేంద్రం కక్ష్య వాలు 51.6 డిగ్రీలు. హబుల్ టెలిస్కోపుది 28.5 డిగ్రీలు. తేడా 23 డిగ్రీలే. అయితే నౌక సెకనుకు సుమారు 7.7 కి.మీ. వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. అంత వేగంగా పోతున్న వస్తువు దిశను 23 డిగ్రీలు తిప్పాలంటే సెకనుకు దాదాపు 3 కి.మీ. అదనపు వేగం కల్పించాలి. అమెరికా షటిల్ కక్ష్యలో కల్పించుకోగలిగినది అందులో పదోవంతు మాత్రమే. అందువల్లనే 2009 మేలో హబుల్ మరమ్మతుకు అట్లాంటిస్ వెళ్ళినప్పుడు, రక్షణ కోసం ఎండీవర్ షటిల్‌ను రెండో ప్రయోగ వేదికమీద నిలబెట్టి ఉంచారు. దాని అవసరం కలగలేదు.

భూమినుంచి వెళ్ళే రక్షక నౌకకూ ఈ బాధ తప్పదు. భూమి తిరుగుతూ ఉంటుంది కనుక, ప్రయోగ కేంద్రం ఆ కక్ష్యాతలం కిందికి రోజుకు రెండుసార్లు మాత్రమే వస్తుంది. వాటిలో ఒకటే పనికివస్తుంది అనేది తరచు ఎదురయ్యే పరిస్థితి. ఎందుకంటే రాకెట్ జనావాసాలమీదుగా పోకూడదు. ఆ క్షణం తప్పితే మళ్ళీ మర్నాడే.

గాలి లెక్క

బంధించిన గదిలో మనిషిని ముందుగా చంపేది ప్రాణవాయువు కొరత అనుకుంటాం. నిజానికి మనం వదిలే బొగ్గుపులుసు వాయువు అంతకంటే ముందే ప్రాణాంతకమవుతుంది. మనిషి రోజుకు సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువును వదులుతాడు. షటిల్‌లో దీన్ని పీల్చివేయడానికి లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలు వాడేవారు. అది ఈ వాయువుతో కలిసి లిథియం కార్బొనేట్‌గా మారుతుంది. డబ్బాలు అయిపోతే అంతే సంగతులు.

2003 జనవరి 16న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని తీసుకుని బయలుదేరిన కొలంబియా షటిల్ రెక్కకు, ఇంధనపు టాంకునుంచి ఊడిన నురుగు ముక్క తగిలింది. ఫిబ్రవరి 1న తిరిగివస్తూ షటిల్ ముక్కలైంది. ఆ తర్వాత విచారణ సంఘం ఒక లెక్క కట్టింది. రెక్క దెబ్బతిన్న సంగతి మొదట్లోనే గుర్తించి, కదలికలు తగ్గించి గాలిని పొదుపు చేసి ఉంటే, వారు ఫిబ్రవరి 15 దాకా బతకగలిగేవారు. మార్చి యాత్రకు సిద్ధమవుతున్న అట్లాంటిస్‌ను రాత్రింబవళ్ళు శ్రమించి ఫిబ్రవరి 10కి ప్రయోగించే వీలుండేది. అంటే చేతిలో ఉండే వ్యవధి ఐదు రోజులు! పరీక్షలు తగ్గించి, అదే లోపం ఉండగల మరో షటిల్‌లో మరి నలుగురిని పంపే సాహసం అది. అసాధ్యం కాదు, కానీ చాలా కష్టం అన్నదే సంఘం అభిప్రాయం.

చేరినా తలుపు కలవాలి

రక్షక నౌక వచ్చి పక్కన నిలిచిందనుకుందాం. లోపలివారు ఎలా మారాలి? రెండు నౌకల తలుపులూ ఒకదానికొకటి అతకాలి. 2021లో నలుగురు ప్రైవేటు యాత్రికులతో వెళ్ళిన ఇన్‌స్పిరేషన్-4 నౌకలో అనుసంధాన యంత్రాన్ని తీసి, దృశ్యాలు చూడటానికి గాజు గుమ్మటం పెట్టారు. 2024లో 1,400 కి.మీ. ఎత్తుకు వెళ్ళిన పొలారిస్ డాన్‌లోనూ ఆ యంత్రం లేదు. 2025లో ఫ్రామ్-2 ధ్రువాలమీదుగా, 90 డిగ్రీల వాలుతో తిరిగింది. వీటికి ఆపద వచ్చి ఉంటే ఏ కేంద్రమూ అందుబాటులో లేదు. యాత్రికులు క్షేమంగా తిరిగిరావడం వారి నౌకల నాణ్యతకు నిదర్శనమే కాని, రక్షణ ఏర్పాటు ఉందనడానికి నిదర్శనం కాదు.

దుస్తులదీ ఇదే కథ. బోయింగ్ నీలిరంగు దుస్తుల గొట్టాలు డ్రాగన్ సీటుకు అతకవు. అందుకే స్టార్‌లైనర్ వెళ్ళిపోయాక, కొత్త డ్రాగన్ వచ్చేదాకా సునీతకూ విల్‌మోర్‌కూ అక్కడున్న మరో డ్రాగన్‌లో సామాన్లు పెట్టే చోట తాత్కాలికంగా పడక ఏర్పాటు చేశారు. అందులో దిగవలసివస్తే పీడన దుస్తులు లేకుండానే దిగాలి. గ్యాస్ సిలిండర్‌కు వేరే కంపెనీ రెగ్యులేటర్ పట్టకపోతే వంటింట్లో మనం విసుక్కుంటాం. అక్కడ అది ప్రాణాల సమస్య.

బిల్లు ఎవరికి?

1968లో కుదిరిన వ్యోమగాముల రక్షణ ఒప్పందం ప్రకారం, ఆపదలో తమ నేలమీద దిగిన వ్యోమగాములను ప్రతి దేశమూ కాపాడి స్వదేశానికి అప్పగించాలి. దారితప్పి పడిన నౌకను వెతికి తిరిగి ఇచ్చే ఖర్చును ప్రయోగించినవారు భరించాలి. కానీ మనుషులను రక్షించిన ఖర్చు గురించి ఒప్పందం మౌనం వహించింది. కక్ష్యలో ఉన్నవారి కోసం రాకెట్ ప్రయోగించి తీరాలన్న స్పష్టమైన నిబంధనా లేదు. టిక్కెట్టు కొన్న యాత్రికుడు కూడా ఆ రక్షణకు అర్హుడేనా అన్నది న్యాయనిపుణుల మధ్య ఇంకా చర్చనీయాంశమే.

సముద్రంలో ఓడ మునుగుతుంటే దగ్గరలోని ప్రతి ఓడా సాయానికి వెళ్ళాలన్నది అంతర్జాతీయ నియమం. సముద్రం నిండా ఓడలు ఉన్నాయి కనుక అది అమలవుతుంది. కక్ష్యలో దారినపోయే ఓడలు లేవు. కనుక ఎవరో ఒకరు నౌకను, రాకెట్టును, శిక్షణ పొందిన మనుషులను ఏడాది పొడుగునా సిద్ధంగా ఉంచాలి.

ఇది వ్యాపారంగా సాగుతుందా? 2014లో నాసా వ్యోమగాముల రవాణాకు బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్ల కాంట్రాక్టులు ఇచ్చింది. ఇద్దరికి ఇవ్వడంలో ఉద్దేశం ఒకరు విఫలమైతే మరొకరు ఆదుకోవాలనే. సునీత విషయంలో ఆ దూరదృష్టి అక్షరాలా ఫలించింది. అయినా అది టాక్సీని అంబులెన్స్‌గా వాడుకోవడమే. అగ్నిమాపక దళానికి ఎన్ని మంటలు ఆర్పితే అంత జీతం అంటే, మంటలు లేని ఏడాది దళమే మిగలదు. కనుక రక్షక నౌకను పోషించే దారి ఒకటే: రోదసికి వెళ్ళే ప్రతివారి నుంచీ బీమా ప్రీమియంలా కొంత వసూలు చేసి, ఆపద వచ్చినా రాకపోయినా సంసిద్ధతకే డబ్బు చెల్లించడం.

మన గగన్‌యాన్ మాటేమిటి?

మన వ్యోమగాములు బయలుదేరవలసింది తెలుగునేలమీది శ్రీహరికోట నుంచే. ముగ్గురిని 400 కి.మీ. కక్ష్యలో మూడు రోజులు ఉంచి తేవడం గగన్‌యాన్ లక్ష్యం. ప్రయోగ సమయంలో వచ్చే ఆపదకు ఇస్రో గట్టి ఏర్పాట్లే చేసింది. 2018 జూలై 5న శ్రీహరికోటలో, వేదికమీదే ప్రమాదం జరిగితే మనుషుల గదిని ఎత్తుకుపోయే రాకెట్లను పరీక్షించారు. 2023 అక్టోబరు 21న ధ్వనివేగాన్ని మించిన వేగంలో అదే పనిని విజయవంతంగా చేశారు. గది పారాషూట్లతో బంగాళాఖాతంలో దిగితే నౌకాదళం వెలికితీసింది. 2025 ఆగస్టు 24న హెలికాప్టర్ నుంచి జారవిడిచి పారాషూట్లను మరొకసారి పరీక్షించారు.

ఇవన్నీ ఆరోహణ, అవరోహణలకు సంబంధించినవి. కక్ష్యలో ఆపద వస్తే మూడు రోజుల యాత్రలో తక్షణ మార్గం ఒక్కటే: తిరుగు రాకెట్లను మండించి తామే దిగిరావడం. అందుకే ముఖ్యమైన ప్రతి పరికరానికీ జోడు అవసరం. అయితే 2025 జనవరి 16న స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను కక్ష్యలో కలపడంతో మరో ద్వారం తెరుచుకుంది. అనుసంధానం నేర్చిన దేశానికి రక్షించే శక్తీ, రక్షణ పొందే అర్హతా రెండూ వస్తాయి. అది సార్థకం కావాలంటే మన నౌకల తలుపులు ఇతర దేశాల నౌకలకు అతికే కొలతలతో ఉండాలి. ఎవరి కోసం ఎవరు ఎంత భరించాలో ముందే రాసుకోవాలి.

ఈ ఒప్పందాలు ఆపద రాకముందే కుదరాలి. కొలంబియా లెక్క కాగితంమీదికి వచ్చేసరికి, దానితో బతకవలసిన ఏడుగురూ లేరు.