కెమెరాతో చెన్నపురి వీధుల్లో

ఆగస్టు 22ను చెన్నై నగరం తన పుట్టినరోజుగా జరుపుకొంటుంది. 1639లో ఆనాడు దామెర్ల వేంకటాద్రి నాయకుడు సముద్రపుటొడ్డున కొంత ఇసుకనేలను ఈస్టిండియా కంపెనీ వారికి ఇచ్చాడని చెబుతారు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీదనే చెన్నపట్నం వెలసిందంటారు. 2004 నుండి ఈ పుట్టినరోజు వేడుకలు జరుగుతున్నాయి. ఉపన్యాసాలు, ప్రదర్శనలతోపాటు తెల్లవారుతూనే సాగే నడకలు కూడ ఈ వేడుకల్లో ఉంటాయి. కెమెరాలు మెడలో వేసుకొని కొందరు ఒక పేటను ఎంచుకొని, సందుసందూ తిరిగి ఛాయాచిత్రాలు తీస్తారు.

బస్సు కిటికీలోనుండి చూస్తే నగరమంతా ఒక్కలాగే ఉంటుంది. అవే కొట్లు, అవే పలకలు, అవే స్తంభాలు. నడిచేవానికి మాత్రం అరమైలు దాటేసరికి ఊరు మారిపోతుంది. తిరువల్లిక్కేణిలో పార్థసారథిస్వామి కోనేటి మెట్లనుండి కాసేపు నడిస్తే 1795లో కట్టిన వాలాజా మసీదు వస్తుంది. మైలాపూరులో కపాలీశ్వరుని గోపురం చూసి సముద్రం వైపు నడిస్తే శాంథోం చర్చి శిఖరం కనబడుతుంది.

కెమెరా పట్టినవారు మొదట తెలుసుకోవలసింది వెలుతురు సంగతి. జార్జిటౌనులోని టంకశాల వీధినే తీసుకొందాం. ఒకప్పుడు ఇక్కడ నాణేలు ముద్రించేవారు గనుక ఆ పేరు వచ్చింది. తమిళులు తంగశాలై అంటారు. ఇది ఉత్తర దక్షిణాలుగా సాగే వీధి. ఉదయం ఏడు గంటలకు తూర్పునుండి వచ్చే ఎండ పడమటి వరుస ఇళ్ళ పైఅంతస్తులను తాకుతుంది. చెక్క కిటికీలు, పాత సున్నపు గోడల మీది పూలతీగల పని, మేడమీద ఆరవేసిన బట్టలు అప్పుడు చక్కగా కనబడతాయి. కింద వీధి ఇంకా నీడలోనే ఉంటుంది. ఎండ నేలకు దిగేదాకా ఒకచోట నిలబడి ఉండేవారికే మంచి చిత్రం దొరుకుతుంది. నడినెత్తికి సూర్యుడు వచ్చాక నీడలు కురచబడి, ముఖాల మీద కళ్ళకింద నల్లని మచ్చల్లా పడతాయి. అప్పుడు కెమెరా సంచిలో పెట్టుకొని ఏ హోటల్లోనో కాఫీ తాగడం మేలు.

ఈ వీధికి దగ్గరలోనే కొత్వాల్ చావడి ఉంది. ఒకప్పుడు నగరమంతటికీ కూరగాయలు ఇక్కడినుండే వెళ్ళేవి. మార్కెటు స్థలం కన్యకా పరమేశ్వరీ దేవస్థానానిది. ఆర్యవైశ్యుల నిర్వహణలో ఉండే ఆ దేవస్థానం మూలంగా ఈ పేటలో తెలుగువారి ఉనికి బలంగా నిలిచింది. 1996లో టోకు వ్యాపారం కోయంబేడుకు తరలిపోయింది. బస్తాలు మోసే కూలీలు, అరిటాకుల కట్టలు, తెల్లవారకముందే దారి లేకుండా నిలిచే బండ్లు ఇప్పుడు పాత ఛాయాచిత్రాలలోనే కనబడతాయి.

నగరంలో తెలుగువారి గుర్తులు చాలవరకు పేర్లలో ఉన్నాయి. పేరు వెనుక కథ తెలిసినవాడు మామూలు మూలమలుపు దగ్గర కూడ ఆగుతాడు. చింతాద్రిపేట 1734లో నేతగాళ్ళ కోసం ఏర్పడిన పేట. చిన్నతరిపేట అన్నది దాని అసలు పేరు. తరి అంటే తమిళంలో మగ్గం. టి. నగర్ పూర్తిపేరు త్యాగరాయనగర్. అది పిట్టి త్యాగరాయశెట్టి పేరు. నడుమనున్న పానగల్ పార్కు, కాళహస్తిలో పుట్టి మదరాసు ముఖ్యమంత్రిగా పనిచేసిన పానగల్లు రాజా రామరాయణింగారి పేరు మోస్తున్నది. లజ్ చర్చి రోడ్డులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట పార్కు ఉంది. ఆ పచ్చదనంలో నడకకు వచ్చే పెద్దలలో ఆ పేరు ఎవరిదో ఎందరు చెప్పగలరో!

గోడలు అనుమతి అడగవు. మనుషుల సంగతి వేరు. కాశిమేడు రేవులో వలలు సర్దుకొనే జాలరి, వాకిట్లో ముగ్గు పెట్టే ఇల్లాలు, మిట్టమధ్యాహ్నం బండికింద నిద్రపోయే రిక్షావాడు వేడుక బొమ్మలు కారు. వారి భాషలో నాలుగు మాటలు మాట్లాడి, అడిగి తీసిన చిత్రంలో ముఖం ముఖంలా ఉంటుంది. వద్దంటే కెమెరా దించాలి. ఒక ఫిలిం చుట్టలో ముప్పైఆరు చిత్రాలే పట్టే రోజుల్లో ఆలోచించి మీట నొక్కేవారు. ఇప్పుడు ఫోనుతో వందలు తీయవచ్చు గనుక ఆ ఆగడం తగ్గింది.

తీసినవి ఎందుకు దాచాలంటే, నగరం ఎవరికోసమూ ఆగదు. సెంట్రల్ స్టేషను పక్కనుండిన మూర్ మార్కెట్ ఎర్రని కట్టడం, అందులోని పాతపుస్తకాల అంగళ్ళు 1985లో కాలిపోయాయి. ఆ చోట లోకల్ రైళ్ళ స్టేషను కట్టారు. దానికి మూర్ మార్కెట్ అన్న పేరు మాత్రం మిగిలింది. వడపళనిలో వాహినీ స్టూడియో ఉండిన నేలమీద ఇప్పుడు ఆస్పత్రి, అంగళ్ళ సముదాయం ఉన్నాయి. మాయాబజార్ సినిమాకు మార్కస్ బార్ట్లే కెమెరా పట్టింది ఆ స్టూడియోలోనే. తెరమీది వెన్నెల మిగిలింది గాని అది పుట్టిన చోటు మిగలలేదు.

ఎగ్మూరు మ్యూజియం సంగతి మరీ చెప్పుకోదగ్గది. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన స్తూపపు శిల్పాలను మదరాసుకు తెచ్చారు. అవి ఎన్నో ఏళ్ళు ఎండకూ వానకూ సముద్రపు గాలికీ బయటపడి ఉన్నాయి. 1858లో మదరాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లిన్నేయస్ ట్రైప్ వాటిని చిత్రించాడు. మరుసటి ఏడు వాటిలో చాలా రాళ్ళను ఓడలో లండనుకు పంపారు. కృష్ణాతీరపు రాళ్ళు చెన్నపట్నంలో ఉన్ననాడు ఎలా ఉండేవో పరిశోధకులు ఆ చిత్రాలలోనే చూస్తున్నారు. ట్రైప్ చిత్రాలు ఈనాటికీ పనికివస్తున్నాయి. వీధుల్లో తీసే చిత్రానికి తేదీ, వీధిపేరు, ఇంటి గుర్తు అప్పటికప్పుడే రాసుకోవాలి. ఇంటికి వెళ్ళాక సందులన్నీ ఒకటిగానే తోస్తాయి.

అమరావతి శిల్పాలలో కొన్ని ఎగ్మూరు మ్యూజియంలోనే ఉన్నాయి. శుక్రవారం అక్కడ సెలవు.