ఒక్క ‘ర్రి’... ఎన్ని చేతులో!

మందమర్రి. సింగరేణి గనుల ఊరు. చేత్తో రాస్తే ఆ పేరు క్షణంలో పని. కంప్యూటర్‌లో అయితే ఆఖరున ఉన్న ‘ర్రి’ దగ్గర పెద్ద తతంగమే ఉంది! యూనికోడ్‌లో అది నాలుగు సంకేతాలు: ర, పొల్లు, మరో ర, గుడి. చివర్లో టైపు చేసిన గుడి వెళ్లి మొదటి ‘ర’ నెత్తిన కూర్చోవాలి. రెండో ‘ర’ వత్తుగా మారి కిందికి దిగాలి, పక్కనున్న ‘మ’ను గుద్దుకోకూడదు. ఈ సర్దుబాటంతా చేసేది ఫాంటు. దాన్ని తయారుచేసేది ఎవరో ఒక్కరే అనుకుంటే పొరపాటే.

హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ తన మూర్తి క్లాసికల్ లైబ్రరీలో అల్లసాని పెద్దన మనుచరిత్రను ఇంగ్లీషు అనువాదంతో సహా 2015లో ప్రచురించింది. ఆ గ్రంథమాల కోసం తెలుగు అక్షరాలు గీసింది బ్రెజిల్‌కు చెందిన ఫెర్నాండో మెల్లో, బ్రిటన్‌కు చెందిన ఫియోనా రాస్. వాళ్లతో కలిసి పనిచేసిన జాన్ హడ్సన్ ఉండేది కెనడాలో. పెద్దన పద్యం వెనక మూడు దేశాలవాళ్లన్నమాట! ఆ అక్షరాలే ఇప్పుడు ‘టిరో తెలుగు’ పేరుతో ఉచితంగా దొరుకుతున్నాయి. పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన ‘మండలి’, ‘సూరన్న’ లాంటి ఫాంట్లను కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర అందరికీ అందించింది. ముంబయికి చెందిన ఏక్ టైప్ బృందం 2022లో తెచ్చిన ‘అనేక్’ది ఇంకో తీరు. తొమ్మిది భారతీయ లిపులు, వాటితోపాటు ఇంగ్లీషు. తెలుగు ఓంకార్ భోయిర్‌ది, మిగతావి వేరేవాళ్లవి. అయినా అన్నీ ఒక్క ఇంటి పిల్లల్లా కనిపించాలి!

దూరాన ఉన్నవాళ్లు కలిసి పనిచేసేందుకు దారులు బోలెడు. ఫైళ్లు గిట్‌హబ్ లాంటి చోట పెట్టుకుంటే ఎవరు ఏరోజు ఏ వంపు మార్చారో నమోదవుతుంది. నచ్చకపోతే పాతదానికి వెళ్లొచ్చు. వీడియో కాల్‌లో ఒకరి తెరను అందరూ చూడొచ్చు. చిక్కల్లా అక్కడే. తెరమీద జానెడు ఎత్తున ముచ్చటగా కనిపించిన ‘ప’, పుస్తకంలో చిన్నగా అచ్చయ్యేసరికి ‘వ’లా తోచవచ్చు. అది తేలాలంటే ప్రింటు తీసి, బల్ల చుట్టూ కూర్చుని, పెన్నుతో గుర్తులు పెట్టాల్సిందే. పక్కన తెలుగు చదివే మనిషి ఉంటే మరీ మేలు.

ఇక మందమర్రి లాంటి ఊళ్లలో శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ సెంటర్ల కష్టం వేరు. అలాంటి చాలా సెంటర్లలో అను ఫాంట్లదే రాజ్యం. వాట్సాప్‌లో యూనికోడ్‌లో వచ్చిన పెళ్లి వివరాలు వాటిలో నేరుగా ఇమడవు. కన్వర్టర్‌లో వేసి మార్చాలి, లేదంటే మళ్లీ టైపు చేయాలి. వత్తులు జారేది అప్పుడే! తయారైన డిజైన్ ఫొటోగా మళ్లీ వాట్సాప్ ఎక్కుతుంది. దుబాయ్‌లో ఉన్న అన్నయ్య ఫోన్‌లో చూసి ఓకే అంటాడు. పెళ్లికూతురి తండ్రి మాత్రం దుకాణానికే వచ్చి, ఆపరేటర్ పక్కన కుర్చీ లాక్కుని, వియ్యంకుల ఇంటిపేరును వేలుపెట్టి ఒక్కో అక్షరం చదువుకుంటాడు.