యంత్రం కుదిపితే తప్పు చేతిదేనా?



మాది తుమ్మలపల్లె. మా నాయన బడి ముఖం చూడలేదు. రబ్బరు చైన్ల చిన్న లోడరు నడిపి నన్ను పీజీ దాకా చదివించాడు. నేను ఇంటర్‌లో ఉండగా ఒకసారి ఆ బండి మలుపులో గుంజి గుంజి కుదిపింది. "నీ చేయి సరిగా లేదు" అని యజమాని మూడు రోజుల కూలి కోశాడు. చివరకు మెకానిక్ చూస్తే, ఆయిల్ పీల్చే గొట్టానికి క్లిప్పు వదులైంది. అంతే!

అసలు ఈ బండి ఎలా మళ్లుతుంది? 2007లో శంకుస్థాపన జరిగిన మా ఊరి యురేనియం గనిలో రాయి ఎత్తి మోసే ఎల్‌హెచ్‌డీ బండి నడుము దగ్గర వంగి మళ్లుతుంది. చైన్ లోడరుకు ఆ నడుము లేదు. ఎడమ చైన్‌కు ఒక పంపు, ఒక మోటారు. కుడి చైన్‌కు మరో జత. ఒక చైన్ నెమ్మదించి రెండోది వేగంగా తిరిగితే బండి పక్కకు తిరుగుతుంది. ఈ పనంతా ఆయిల్ ఒత్తిడితోనే. ఆయిల్‌ను నొక్కినా దాదాపు కుదించుకోదు. గాలి కుదించుకుంటుంది. ఆయిల్‌లో గాలి చేరితే ఒత్తిడి ఆగి ఆగి అందుతుంది. అదే కుదుపు.

మొదట చూడవలసింది, కుదుపు రెండు వైపులా ఉందా, ఒక వైపేనా అని. రెండు వైపులా ఉంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్నవి చూడాలి: ఆయిల్ మట్టం, ఫిల్టరు, పీల్చే గొట్టం. ఆయిల్ నురగ కడితే గాలి చేరినట్టు. పాలలా తెల్లబడితే సాధారణంగా నీళ్లు కలిసినట్టు. ఒక వైపే ఉంటే ఆ చైన్ బిగువు, అందులో ఇరుక్కున్న రాళ్లు, లివర్ నుంచి పోయే కడ్డీ లేదా వైరు చూడాలి. ఖరీదైన మోటారు, పంపుల జోలికి ఆఖరున పోవాలి.

ఒక హెచ్చరిక. బకెట్ నేలకు దించి, ఇంజిన్ ఆపాకే చేయి పెట్టాలి. లీకును చేత్తో తడిమి వెతకకూడదు. ఒత్తిడిలో ఉన్న సన్నని ఆయిల్ ధార చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఆయిల్ గుచ్చుకుంటే గాయం సూదిమొనంతే ఉన్నా వెంటనే ఆసుపత్రికి పోవాలి. కుదిపే బండిని అలాగే నడిపితే పక్కన పనిచేసేవారి ప్రాణానికే ముప్పు.

డిగ్రీలో ద్రవాల పీడనం పాఠం విన్న రోజు నాకు మా నాయన కూలి గుర్తొచ్చింది. ఆ రోజే ఇది తెలిసి ఉంటే ఆయన పక్కన నిలబడి నాలుగు మాటలు చెప్పేవాణ్ణి. నాకు ఆలస్యమైంది. తమ్ముళ్లారా, మీకు కాకూడదు.