నోబుల్ కళాశాల, మచిలీపట్నం

నోబుల్ కళాశాల కృష్ణా జిల్లా మచిలీపట్నం (బందరు)లోని క్రైస్తవ విద్యాసంస్థ. 1843లో పాఠశాలగా ఆరంభమైన ఈ సంస్థ తెలుగునాట ఆంగ్ల విద్యకు తొలి కేంద్రాలలో ఒకటి.

స్థాపన

చర్చి మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అను ఇద్దరు ఆంగ్లేయులు 1841లో ఇక్కడికి వచ్చారు. ఫాక్స్ ఊరూరా తిరిగి మతప్రచారం చేయగా, నోబుల్ బందరులోనే ఉండి 1843 నవంబరు 21న పాఠశాలను తెరిచాడు. అగ్రవర్ణాల బాలురకు ఆంగ్ల విద్యతో పాటు బైబిలు బోధించడం ఆయన పద్ధతి. అంటరానివారుగా చూడబడిన కులాల పిల్లలకు ఆయన కాలంలో ఇందులో ప్రవేశం లేదు. క్రైస్తవ సంస్థే అయినప్పటికీ ఈ విషయంలో నాటి ఆచారాన్నే అనుసరించినది.

1852 నాటి సంక్షోభం

1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అను విద్యార్థులు క్రైస్తవ మతం స్వీకరించారు. పట్టణంలో కలకలం రేగినది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించగా పాఠశాల దాదాపు ఖాళీ అయినది. కాలక్రమంలో విద్యార్థులు తిరిగి వచ్చారు. ప్రభుత్వోద్యోగాలకు ఆంగ్లం అవసరమవుతున్న రోజులవి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30,000 మంది మరణించారు. మరుసటి సంవత్సరం నోబుల్ బందరులోనే కన్నుమూశాడు. ఆయన పేరే సంస్థకు స్థిరపడినది.

జాతీయోద్యమంతో సంబంధం

సంఘసంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ఇక్కడ అధ్యాపకుడిగా పనిచేశారు. ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆయన శిష్యులు. వీరు కోపల్లె హనుమంతరావుతో కలిసి 1910లో బందరులోనే ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. మిషనరీ కళాశాలలో చదివినవారే స్వదేశీ విద్యకు పునాది వేయడం గమనార్హం.

విశ్వవిద్యాలయం కాకపోవడానికి కారణం

జపానులోని క్యోటోలో నీజిమా జో 1875లో నెలకొల్పిన దోషిషా అను క్రైస్తవ పాఠశాల 1920లో విశ్వవిద్యాలయమైనది. 1918 నాటి శాసనం ప్రైవేటు సంస్థలకు అక్కడ ఆ వీలు కల్పించినది. అంతకు 32 సంవత్సరాలు ముందే పుట్టిన బందరు విద్యాసంస్థకు అటువంటి అవకాశం లేదు. 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడిన మదరాసు విశ్వవిద్యాలయానికే పరీక్షలు జరిపి పట్టాలిచ్చే అధికారం ఉండేది. కళాశాలల పని బోధన మాత్రమే. తరువాత ఆంధ్ర (1926), నాగార్జున (1976), కృష్ణా (2008) విశ్వవిద్యాలయాలు ఏర్పడినప్పుడు అనుబంధం మారినదే కాని ఆ పద్ధతి మారలేదు.