పెరియార్ అడవికి ఎవరు కాపలా?

మీ ఊళ్లో ఎవరో ఒకరు అయ్యప్ప మాల వేసుకునే ఉంటారు. దీక్ష చేసి, ఇరుముడి నెత్తిన పెట్టుకుని శబరిమల వెళ్తారు. తిరిగి వచ్చాక గుడి గురించి చెబుతారు. ప్రసాదం గురించి చెబుతారు. రైల్లో పడ్డ తిప్పలు చెబుతారు. ఆ కొండ చుట్టూ ఉన్న అడవి గురించి మాత్రం ఎక్కువ చెప్పరు. గుంపులో నడిచేవాళ్లకి అడవి ఎక్కడ కనిపిస్తుంది? ముందు నడిచేవాళ్ల వీపు కనిపిస్తుంది.

ఆ అడవి పేరు పెరియార్. అది కేరళ రాష్ట్రంలో ఉంది. 1978లో ప్రభుత్వం దాన్ని పులుల కోసం ప్రత్యేకంగా కేటాయించింది. ఇప్పుడు దాని విస్తీర్ణం 925 చదరపు కిలోమీటర్లు. శబరిమల గుడి ఆ అడవికి పడమటి వైపున ఉంది. తూర్పు వైపున తేక్కడి అనే ఊరు, ఒక పెద్ద సరస్సు ఉన్నాయి. పక్కనే కుమిలి అనే చిన్న పట్నం. కుమిలి దాటితే తమిళనాడు. ఇక్కడ చెప్పబోయే కథ ఎక్కువగా ఈ తూర్పు వైపున జరిగింది.

పెరియార్‌లో ఎక్కువ భాగం వాన అడవి. వాన అడవి అంటే ఏమిటి?

మన నల్లమల అడవిని చూడండి. ఎండాకాలం వస్తే ఆకు రాలుస్తుంది. కొమ్మలు బోసిగా కనిపిస్తాయి. వాన అడవి అలా కాదు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పెరియార్‌లో 2000 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే మన అనంతపురంలో మూడున్నర ఏళ్లకు పడే వాన అక్కడ ఒక్క ఏడాదిలో పడుతుందన్నమాట.

అంత వాన పడితే మట్టి కొట్టుకుపోవాలి కదా? పోదు. ఎందుకంటే వాన నేరుగా నేల మీద పడదు. పైన పెద్ద చెట్లు గొడుగుల్లా ఉంటాయి. వాటి కింద చిన్న చెట్లు. వాటి కింద పొదలు, తీగలు. నేల మీద కుళ్లిన ఆకుల పరుపు. వాన చినుకు ఆకు మీద పడి, కొమ్మ మీదికి జారి, మెల్లగా కిందికి దిగుతుంది. ఆకుల పరుపు ఆ నీళ్లను పీల్చుకుంటుంది. నానిన గోనెసంచి నుంచి చుక్క చుక్క కారినట్టు, ఆ నీళ్లు కొద్దికొద్దిగా వాగుల్లోకి వస్తాయి. వానలు వెనకబడ్డాక కూడా వాగులు పారుతూనే ఉంటాయి.

ఆ వాగుల్లో చాలా పెరియార్ నదిలో కలుస్తాయి. ఆ నది మీద 1895లో ముల్లపెరియార్ ఆనకట్ట కట్టారు. తేక్కడి సరస్సు అలా ఏర్పడిందే. ఆ నీళ్లు కొండలో తొలిచిన సొరంగం గుండా తమిళనాడుకు వెళ్తాయి. తేని, మదురై జిల్లాల్లో పొలాలు తడుపుతాయి. కేరళ అడవిలో పడ్డ వాన తమిళనాడులో వరి పండిస్తుంది. అడవి పోతే మట్టి కొట్టుకొచ్చి సరస్సు పూడుతుంది. అప్పుడు ఎక్కడో మదురై పక్కన నాట్లు వేసే కూలీకి పని ఉండదు.

ఈ అడవిలో ఏనుగులు, పులులు, అడవి దున్నలు, దుప్పులు ఉన్నాయి. నల్లటి ఒళ్లు, మొహం చుట్టూ తెల్లటి జూలు ఉన్న కోతి ఉంది. దాన్ని సింహపు తోక కోతి అంటారు. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో అది ఇంకెక్కడా పుట్టదు. ఎక్కువగా చెట్ల మీదే బతుకుతుంది. కొమ్మ నుంచి కొమ్మకు దారి ఉండాలి. మధ్యలో నాలుగు చెట్లు కొట్టేస్తే దాని దారి తెగిపోతుంది.

ఇంకో పక్షి ఉంది. దాని పెద్ద ముక్కు మీద కొమ్ములాంటిది ఉంటుంది. కేరళ వాళ్లు దాన్ని తమ రాష్ట్ర పక్షిగా పెట్టుకున్నారు. దాని కాపురం వింతగా ఉంటుంది. ఆడపక్షి గుడ్లు పెట్టే ముందు ముసలి చెట్టు తొర్రలోకి దూరుతుంది. తొర్ర మూతిని లోపలి నుంచి మూసేస్తుంది. ఒక సన్నని సందు మాత్రం వదులుతుంది. గుడ్లు పొదిగి పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా లోపలే ఉంటుంది. మగపక్షి పళ్లు తెచ్చి ఆ సందులోంచి నోటికి అందిస్తుంది. ఒక విధంగా బాలింత ఇంట్లో ఉన్నట్టే. అది తిన్న పళ్ల గింజలు అడవంతా పడి మళ్లీ చెట్లవుతాయి. తొర్ర ఉన్న ముసలి చెట్టును కొడితే ఆ పక్షికి ఇల్లు లేదు. బయట తిరిగే మగపక్షిని ఎవరైనా కొడితే తొర్రలో తల్లీపిల్లల గతి ఏమిటో చెప్పక్కర్లేదు.

ఇంత గొప్ప అడవిలో దొంగలు పడ్డారు.

మసాలాలో దాల్చిన చెక్క వేస్తాం. అలాంటి వాసన ఉన్న చెట్టు ఈ అడవిలో ఉంది. దాన్ని అక్కడ వయన అంటారు. దాని పట్టకు వ్యాపారులు డబ్బిస్తారు. కుమిలి చుట్టుపక్కల కొందరు మగవాళ్లు రాత్రిళ్లు అడవిలో దూరి వయన పట్ట ఒలిచేవాళ్లు. చుట్టూ పట్ట ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. గంధపు చెట్లు కొట్టేవాళ్లు, జంతువులను వేటాడేవాళ్లు కూడా ఉండేవాళ్లు.

గార్డులు పట్టుకుంటే కేసు. కేసయితే వకీలు, జామీను, కోర్టు వాయిదాలు. వాటికి డబ్బు కావాలి. డబ్బు కోసం మళ్లీ అడవి. లాభం మాత్రం పట్ట కొనే వ్యాపారిది. అతని మీద కేసు ఉండదు. ఇంట్లో ఆడవాళ్లకు రాత్రంతా నిద్ర ఉండదు. మనిషి తిరిగొస్తాడో, ఏనుగు తొక్కుతుందో, పోలీసులు తీసుకుపోతారో తెలియదు.

అడవి అంచున మన్నన్, పళియన్ అనే గిరిజనులు ఉన్నారు. ఒకప్పుడు వీళ్లు అడవి లోపలే ఉండేవాళ్లు. సర్కారు వాళ్లను అంచుకు తెచ్చి కూర్చోబెట్టింది. వాళ్లకు మిరియాల తోటలు ఉన్నాయి. మిరియాలంటే మంచి ధర పలికే పంట. మరి వాళ్లు ఎందుకు బాగుపడలేదు? జబ్బు చేస్తే, పెళ్లి వస్తే, ఇంట్లో బియ్యం నిండుకుంటే వ్యాపారి దగ్గర అప్పు తెచ్చేవాళ్లు. దానికి తోట తాకట్టు. పంట వ్యాపారిది, ధర చెప్పేదీ వ్యాపారే. తోట వాళ్లది, అందులో కూలీలూ వాళ్లే. ఈ లెక్క మన పల్లెల్లో ఆడవాళ్లకు విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

అడవిని కొట్టే చేతిలో గొడ్డలి కనిపిస్తుంది. ఆ చేతి వెనక ఉన్న అప్పు కనిపించదు. చాలా ఏళ్లు అడవి శాఖ వాళ్లు గొడ్డలినే చూశారు.

1996లో కొత్త పథకం మొదలైంది. ప్రపంచ బ్యాంకు డబ్బు సాయం చేసింది. అడవి చుట్టూ ఉన్న ఊళ్లలో కమిటీలు పెట్టారు. మన పొదుపు సంఘాల లాగా కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కమిటీ డబ్బుతో వ్యాపారుల అప్పు తీర్చి మిరియాల తోటలు విడిపించారు. తర్వాత ఎవరికి వాళ్లు కాకుండా అందరి మిరియాలూ కలిపి అమ్మారు. తీసుకున్న సొమ్ము పంట మీద తిరిగి కట్టారు.

వయన పట్ట దొంగల సంగతి ఏమిటి? అడవి శాఖ అధికారులు వాళ్లతో మాట్లాడారు. “మీరు దొంగతనం మానండి, కేసులు తీసేస్తాం, పని చూపిస్తాం” అన్నారు. మొదట నమ్మలేదు. నమ్మడానికి కొంత కాలం పట్టింది. చివరికి ఇరవై మందికి పైగా ముందుకొచ్చారు. 1998లో వాళ్లకు కొత్త పని మొదలైంది. ఆ పని ఏమిటంటే, అడవిని చూడ్డానికి వచ్చేవాళ్లను వెంట తీసుకెళ్లడం.

చూశారా, దొంగకు తెలిసినంత అడవి ఇంకెవరికి తెలుసు? ఏ వాగు దగ్గరికి ఏనుగులు వస్తాయి, ఏ అడుగు పులిది, ఏ తోవలో దొంగ నడుస్తాడు, అన్నీ వాళ్లకు తెలుసు. ఒకసారికి ఐదారుగురు యాత్రికులకు మించి తీసుకెళ్లరు. వెంట తుపాకీ ఉన్న గార్డు ఉంటాడు. రెండు మూడు రోజులు నడుస్తారు. రాత్రి గుడారాల్లో పడుకుంటారు. వంట కూడా వీళ్లే చేస్తారు. యాత్రికులు డబ్బు కట్టి నడుస్తారు. అదే సమయంలో అడవికి గస్తీ అవుతుంది. కొత్త దొంగలు కనిపిస్తే వీళ్లే పట్టించారు. మన్నన్, పళియన్ యువకులు కూడా దారి చూపేవాళ్లుగా చేరారు. వెదురు తెప్పల మీద సరస్సులో తిప్పే పని ఇంకొందరికి దొరికింది.

ఇలా అడవిని పాడు చేయకుండా చూసి, ఆ డబ్బు అక్కడి జనానికే చేరేటట్టు చేసే యాత్రను పర్యావరణ పర్యాటకం అంటారు. పేరు పెద్దది. లెక్క చిన్నది. వచ్చినవాళ్లు కట్టిన టికెట్టు డబ్బు ఎవరి ఇంటికి చేరింది అని అడగాలి. అడవి అంచు గుడిసెకు చేరితే అది ఆ యాత్ర. పట్నంలో హోటలు యజమానికి చేరితే అది వట్టి వ్యాపారం.

ప్రపంచ బ్యాంకు పథకం 2004లో ముగిసింది. పథకం పోతే పనీ పోతుందని చాలాచోట్ల చూశాం. పెరియార్‌లో అలా కాకుండా ముందే ఆలోచించారు. అదే ఏడు ఒక ఫౌండేషన్ పెట్టారు. అడవి చూసేవాళ్ల టికెట్టు మీద కొంత అదనపు రుసుము వేశారు. ఆ డబ్బు రాజధానికి పోకుండా అక్కడే ఉంటుంది. దానితో కమిటీల పనులు సాగాయి.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. 2002లో కుమిలి ప్రాంతంలోని ఆడవాళ్లు గంధపు చెట్లను తామే కాపాడాలని అనుకున్నారు. గుంపుగా ఏర్పడ్డారు. దానికి వసంతసేన అని పేరు పెట్టుకున్నారు. పొద్దున్నే ఇంటి పని చేసుకుంటారు. పిల్లలను బడికి పంపుతారు. వంతుల ప్రకారం రోజుకు ఐదారుగురు అడవికి వెళ్తారు. చెట్లు ఉన్నాయా, ఎవరైనా కొత్తవాళ్లు తిరుగుతున్నారా, ఎక్కడైనా ఉచ్చులు పెట్టారా అని చూస్తారు. దారిలో పడి ఉన్న ప్లాస్టిక్ ఏరతారు. వాళ్ల చేతిలో తుపాకీ ఉండదు. అయినా ఏళ్ల తరబడి ఈ గస్తీ నడిచింది.

ఈ పనికి వాళ్లు జీతం తీసుకోలేదు. “మా పిల్లలకు నీళ్లు కావాలంటే ఈ అడవి ఉండాలి” అన్నది వాళ్ల లెక్క. మంచిదే. కానీ గార్డుకు జీతం ఉంది. యాత్రికుల వెంట వెళ్లే మగవాళ్లకు కూలి ఉంది. ఆడవాళ్ల పని మాత్రం ఎందుకు ఉచితం? ఇంటి పని లాగే అడవి పని కూడా లెక్కలోకి రాలేదా? ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు.

అంతా బాగానే ఉందని కూడా అనుకోవద్దు. తేక్కడికి జనం లక్షల్లో వస్తారు. కుమిలిలో హోటళ్లు పెరిగాయి. చెత్త పెరిగింది. 2009 సెప్టెంబరు 30న సరస్సులో రెండంతస్తుల పడవ బోల్తా పడింది. 45 మంది చనిపోయారు. అడవి చూడ్డానికి సరదాగా వచ్చినవాళ్లే వాళ్లంతా. కొద్దిమందిని నడిపించి చూపించడం వేరు. పడవల నిండా ఎక్కించి చూపించడం వేరు.

పడమటి వైపున, శబరిమల తోవలో ఇంకో కష్టం ఉంది. కొద్ది వారాల్లోనే లక్షల మంది భక్తులు అడవిలోంచి నడుస్తారు. మన తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లేవాళ్లు చాలామంది. ఒకప్పుడు తోవ పొడుగునా ఎక్కడెక్కడి వాళ్లో దుకాణాలు పెట్టేవాళ్లు. పొయ్యిలోకి అడవి కట్టెలే కొట్టేవాళ్లు. తర్వాత ఆ పని కూడా చుట్టుపక్కల ఊళ్ల కమిటీలకు ఇచ్చారు. టీ, మంచినీళ్లు, తిండి వాళ్లే అమ్ముతారు. కట్టెలు కొట్టకూడదు, గ్యాసు మీదే వండాలి. సీజను అయ్యాక తోవ శుభ్రం చేయాలి.

ఎంత ఊడ్చినా ప్లాస్టిక్ మిగులుతుంది. ఉప్పు, బెల్లం, అటుకుల వాసన ఉన్న సంచులను దుప్పులు, ఏనుగులు తినేస్తాయి. అవి కడుపులో అరగవు. అందుకే ఇరుముడిలో ప్లాస్టిక్ పెట్టవద్దని అక్కడి గుడి బోర్డు చెబుతోంది. గుడిలో ఇరుముడి నింపేది గురుస్వామే అయినా, ముందు రోజు సరుకులు కొని పొట్లాలు సిద్ధం చేసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. పసుపు, కుంకుమ, విభూతి, బెల్లం, అటుకులు, అన్నీ ఇప్పుడు బజారులో ప్లాస్టిక్ పాకెట్లలోనే వస్తున్నాయి. వాటిని విప్పి, కాగితంలోనో ఎండిన విస్తరాకు ముక్కలోనో పోసి, నూలు దారం చుడితే సరిపోతుంది. బియ్యానికి ఎలాగూ గుడ్డ సంచి ఉంది.