సమాంతర తీగల మధ్య ఆకర్షణ: విద్యుద్బలంలో మిగిలిన శేషం

భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో స్థిర విద్యుత్తు ఒక అధ్యాయం, అయస్కాంతత్వం మరొక అధ్యాయం. ఈ రెండింటికీ గల సంబంధాన్ని 1820 నాటి ఆయిర్‌స్టెడ్ ప్రయోగంతో పరిచయం చేయడం ఆనవాయితీ. విద్యుత్ ప్రవాహం గల తీగ సమీపంలో దిక్సూచి సూది ఎందుకు తిరిగిందని అడిగితే, తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడింది కనుక అని విద్యార్థి చెబుతాడు. అది దృగ్విషయానికి పెట్టిన పేరే గాని కారణం కాదు.

ఒకే దిశలో ప్రవాహం గల రెండు సమాంతర తీగలు పరస్పరం ఆకర్షించుకుంటాయని అదే సంవత్సరం ఆంపియర్ నిరూపించాడు. 1 మీటరు ఎడంలో ఉన్న రెండు పొడవైన తీగలలో 1 ఆంపియరు చొప్పున ప్రవహిస్తే, ప్రతి మీటరు పొడవుపై బలం 2×10⁻⁷ న్యూటన్లు. 2019 మే వరకు ఆంపియరు ప్రమాణానికి నిర్వచనం ఈ బలమే. ఇంత అల్పమైన బలం ఎక్కడి నుండి వస్తున్నది?

రాగిలో ఘనపు మీటరుకు సుమారు 8.5×10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. 1 చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేదం గల తీగలో మీటరు పొడవుకు వాటి మొత్తం ఆవేశ పరిమాణం దాదాపు 13,600 కూలుంబులు. 1 ఆంపియరు ప్రవాహానికి వాటి అపసర వేగం సెకనుకు 0.07 మిల్లీమీటరు మాత్రమే. చీమ నడక ఇంతకంటే ఎన్నో రెట్లు వేగం. (మీట నొక్కగానే దీపం వెలగడానికి కారణం తీగ వెంట క్షేత్రం వ్యాపించే వేగమే గాని ఎలక్ట్రాన్ల పరుగు కాదు.) ధన అయాన్లు ఈ రుణావేశాన్ని సరిగ్గా తుల్యం చేస్తున్నందున తీగ తటస్థంగా ఉంటుంది. ఆ అయాన్లే లేవని ఊహించి లెక్కకడితే, తీగల మధ్య వికర్షణ మీటరుకు 3.3×10¹⁸ న్యూటన్లు.

అపసర వేగాన్ని కాంతి వేగంతో భాగించి వర్గం చేస్తే 6×10⁻²⁶ వస్తుంది. ఈ రెండు సంఖ్యల లబ్ధం 2×10⁻⁷! ఇది కాకతాళీయం కాదు. ఎలక్ట్రాన్లతో పాటు కదిలే నిర్దేశ చట్రం నుండి పరిశీలిస్తే, రెండవ తీగలోని ఎలక్ట్రాన్లు నిశ్చలం. నిశ్చల ఆవేశంపై అయస్కాంత బలం శూన్యం. అయితే మొదటి తీగలోని అయాన్లు ఇప్పుడు వెనుకకు కదులుతున్నాయి. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం వాటి నడుమ దూరం కుంచించుకుపోతుంది, ఎలక్ట్రాన్ల నడుమ దూరం కొంత పెరుగుతుంది. ఫలితంగా ఆ తీగ స్వల్పంగా ధనావేశం పొందినట్లు కనిపించి ఎలక్ట్రాన్లను ఆకర్షిస్తుంది. ప్రయోగశాలలో అయస్కాంత బలమని పిలిచినదే ఈ చట్రంలో విద్యుద్బలం. అపారమైన రెండు విద్యుద్బలాలు పరస్పరం రద్దయిన పిదప మిగిలిన శేషమిది.

ఇంతమాత్రాన అయస్కాంత క్షేత్రం భ్రాంతి అని తీర్మానించడం తొందరపాటు. తీగ నిరోధాన్ని విస్మరిస్తే, ప్రయోగశాల చట్రంలో తటస్థ తీగ వెలుపల విద్యుత్ క్షేత్రం ఉండదు, అయస్కాంత క్షేత్రమే ఉంటుంది. అటువంటి చోట అయస్కాంత క్షేత్రాన్ని పూర్తిగా తొలగించగల చట్రం ఏదీ లేదు. చట్రం మారినపుడు విద్యుత్ క్షేత్రం దానికి తోడవుతుందంతే. అయస్కాంతం కదిలినా, తీగచుట్ట కదిలినా ఒకే ప్రవాహం వస్తుండగా వివరణలు మాత్రం రెండెందుకన్న ప్రశ్నతోనే ఐన్‌స్టీన్ 1905 నాటి తన పత్రాన్ని ఆరంభించాడు. శాశ్వత అయస్కాంతాల విషయం వేరు: ఇనుములోని అయస్కాంతత్వానికి ప్రధాన మూలం ఎలక్ట్రాన్ స్పిన్. దానిని తీగలోని ప్రవాహంలా ఆవేశాల కదలికగా వివరించడం సాధ్యం కాదు. అందుకు క్వాంటం యాంత్రిక శాస్త్రం అవసరమవుతుంది.