ఇద్దరు తల్లులు

గుండ్లకమ్మ నల్లమల కొండల్లో పుడుతుంది. ఆ నీళ్లతో కంభం చెరువు నిండుతుంది. ఆ ఏరే చివరికి బంగాళాఖాతంలో కలుస్తుంది. చెరువులో చేపలుంటాయి. ఆక్టోపస్ మాత్రం ఉండదు. దానికి సముద్రపు ఉప్పునీళ్లే కావాలి. కంభం చుట్టుపక్కల చేలల్లో ఒక రెక్కల పురుగు ఉంటుంది. ఆక్టోపస్ ఒక తల్లి, రెక్కల పురుగు ఒక తల్లి. ఎవరు బిడ్డల్ని ఎలా చూస్తారో తెలుసుకుందామా?

ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులు. ఒంట్లో ఒక్క ఎముక లేదు. గుండెలు మాత్రం మూడు! నెత్తురు నీలంగా ఉంటుంది. ఎందుకంటే మన నెత్తురులో ఇనుము ఉంటే, దాని నెత్తురులో రాగి ఉంది.

మధ్యధరా సముద్రంలో సాధారణ ఆక్టోపస్ అనే జాతి ఉంది. తల్లి రాతి సందులో లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. అవి గొలుసుల్లా వేలాడుతాయి. తల్లి వాటిని వదిలి పోదు. గుడ్లమీద నీళ్లు చిమ్ముతుంది. మురికి పట్టకుండా చేతులతో తుడుస్తుంది. తిండి మానేస్తుంది. పిల్లలు బయటికొచ్చే నాటికి చిక్కి చిక్కి చచ్చిపోతుంది.

ఇక రెండో తల్లి. ఇది పొగాకు లద్దెపురుగు తల్లి. పేరు పొగాకుదే గానీ మిరప, పత్తి, వేరుశనగ దేన్నీ వదలదు. తల్లి పురుగు రాత్రిపూట ఎగురుతుంది. పూలతేనె తాగుతుంది. ఆకు కొరకదు. ఆకు అడుగున వందల గుడ్లు ఒకే గుంపుగా పెడుతుంది. తన ఒంటి నూగు వాటిమీద కప్పి ఎగిరిపోతుంది. కాపలా ఉండదు.

కొద్ది రోజుల్లోనే గుడ్లు పగులుతాయి. పిల్లపురుగులు మొదట గుంపుగా ఒకే ఆకును గీకి తింటాయి. ఆకు జల్లెడవుతుంది. పెద్దయ్యాక చేనంతా చెదిరిపోతాయి. పగలు మట్టిలో దాక్కుంటాయి, రాత్రి మేస్తాయి. అప్పుడు మందు కొట్టినా సరిగా తగలదు. డబ్బు పోతుంది. కొట్టినవాళ్ల ఒంటికీ చెరుపే.

కాపలా లేని ఆ గుడ్లే రైతుకు అవకాశం. కలుపు తీసే అక్కలు, చెల్లెళ్లు ఆకు తిప్పి చూడాలి. నూగు కప్పిన గుంపు కనిపిస్తే ఆ ఆకు తుంచి నలిపేయాలి. ఒక్క ఆకు తుంచితే వందల పురుగులు పోయినట్టే. చేను చుట్టూ ఆముదం వేస్తే ఇంకా మేలు. ఈ తల్లికి ఆముదం ఆకంటే ఇష్టం. ముందు అక్కడే గుడ్లు పెడుతుంది. వెతకడం తేలిక.

మందు డబ్బా కొనేముందు ఆకు అడుగు చూడండి.